సెయింట్ పాల్ దొర జీవితము

సెయింట్‌పౌలియా అను పేరు వినినవారు అపొస్తలుడైన పౌలును తలంచుట సహజము. కాని కుండీలలో పెరిగి ఊదారంగు పూలు పూయు ఆ చిన్న మొక్కకు ఆ పేరు ఒక జర్మను కుటుంబమునుబట్టి కలిగినది.

వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ 1860వ సంవత్సరమున బెర్లిను నగరమున జన్మించెను. ఆఫ్రికాఖండపు తూర్పు భాగమున కొంత దేశము ఆ కాలమున జర్మనుల యేలుబడిలోనికి వచ్చెను. ఇతడు అచ్చటి స్వాహిలి భాషను నేర్చి, 1890లో దానిని గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. తరువాత టాంగా ప్రాంతమునకు అధికారిగా నుండెను. ఆ దేశమే నేటి టాంజానియా.

1892లో ఉసంబారా పర్వతప్రాంతమున, నీడగల తడిరాళ్ల సందులలో ఈ మొక్క యతని కంటబడెను. దీనిని చూచిన ఐరోపావారిలో అతడు మొదటివాడు కాడు. 1884లో జాన్ కిర్క్ దొరయు, 1887లో టేలర్ అను మిషనరీయు దీని నమూనాలను లండను సమీపమందలి క్యూ ఉద్యానమునకు పంపియుండిరి. కాని ఆ నమూనాలు మొక్కను సరిగా వర్ణించుటకు చాలవయ్యెను. సెయింట్ పాల్ మాత్రము తోటపనియందు మిక్కిలి ప్రీతిగల తన తండ్రికి విత్తనములను పంపెను. తండ్రి తన తోటతో తృప్తిపడక, హానోవరు నగరమందలి హెర్రెన్‌హౌసెన్ ఉద్యానాధికారియగు వెండ్లాండునకు దానిని తెలియజేసెను. అతడు 1893లో ఆ తండ్రికొడుకుల గౌరవార్థము దీనికి సెయింట్‌పౌలియా అయొనాంథా అని పేరిడెను. రెండవ మాటకు వయొలెట్టు వంటి పువ్వులు గలది యని యర్థము. ఐనను ఇది నిజమైన వయొలెట్టు జాతి కాదు.

పిమ్మట ఎర్ఫర్టు పట్టణపు బెనారీ సంస్థ దీని విత్తనములను విక్రయించెను. 1926 ప్రాంతమున లాస్ ఏంజెలెస్ నగరపు తోటవారు ఐరోపా విత్తనములనుండి మొక్కలు పెంచి, మేలైన 10 రకములను ఏర్పరచిరి. ఆకును కాడతోగూడ త్రుంచి తడియిసుకలో గ్రుచ్చినచో, కాడ మొదట పిల్లమొక్కలు లేచును. అవి సాధారణముగా తల్లినే పోలియుండును. క్రొత్త రంగు కావలెనన్న ఒక పువ్వు పుప్పొడిని వేరొక పువ్వు కీలాగ్రమునకు చేర్చి, ధూళివంటి విత్తనములు పండువరకు నెలల తరబడి ఓపికపట్టవలెను. ఇట్లు తెలుపు, గులాబి, ముద్దపూల రకములు వేలకొలది కలిగినవి.

సెయింట్ పాల్ 1940లో బెర్లినులో మరణించెను. 2015లో శాస్త్రజ్ఞులు ఈ జాతిని స్ట్రెప్టోకార్పస్ అను జాతిలో చేర్చుటచే, శాస్త్రమందు ఆ కుటుంబపు పేరు ప్రత్యేక జాతినామముగా నిలువలేదు. పుట్టినచోట అడవులు తరుగుటచే కొన్ని అడవిరకములు నశించు ప్రమాదములో నున్నవి. ఐనను దేశదేశముల ఇండ్ల కిటికీలయందు ఆ పువ్వు పూయుచునే యున్నది.

విద్యార్థులారా, ఒక యాకు నిచ్చినందున మన మొక్క తరుగదు. పొరుగింట వేరొకటి పెరుగును. ఆ తండ్రికొడుకులు దొరికినదానిని దాచుకొనక పంచిరి గనుకనే నేడు వారిని స్మరించుచున్నాము.