పుట్టిన దేశంలో కొత్తవాడు: ఆనంద కుమారస్వామి

ఆనంద కుమారస్వామి అనగానే మనకు నటరాజ విగ్రహమూ, శివతాండవం మీద ఆయన రాసిన పుస్తకమూ గుర్తుకొస్తాయి. ఆయన ఏ కాశీలోనో కంచిలోనో పుట్టి పండితుల మధ్య పెరిగి ఉంటారని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆయన జీవితం చదివాక ఆశ్చర్యపోయాను. ఇరవై అయిదేళ్ళు దాటాక తండ్రి దేశానికి వచ్చి కాపురం పెట్టిన కొత్తమనిషి ఆయన! నేనూ అలా వచ్చినవాణ్ణే కనుక, ఆయన అక్కడ గడిపిన నాలుగేళ్ళ గురించే ఈ వ్యాసంలో ముఖ్యంగా రాస్తున్నాను.

మాది చీరాల దగ్గర నేతపని కుటుంబం. నాన్నగారు ఉద్యోగం కోసం మస్కట్ వెళ్ళి అక్కడే ఉండిపోయారు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. డిగ్రీకని ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకసారి ఊరు వెళ్ళి తాతయ్య మగ్గం ముందు నిలబడ్డాను. అటూ ఇటూ పరుగెత్తుతున్న ఆ చెక్క పనిముట్టు పేరేమిటని అడిగాను. హాస్టల్లో నా తెలుగుకు అందరూ నవ్వేవారు గానీ, తాతయ్య నవ్వలేదు. పని ఆపి, కాసేపు నా మొహంలోకి చూసి, మెల్లగా చెప్పాడు. నాడె అన్న మాట తెలీని నేతగాడి మనవణ్ణి అన్నమాట నేను! ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక అసలు కథకు వస్తాను. కుమారస్వామి 1877 ఆగస్టు 22న కొలంబోలో పుట్టారు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి తమిళుడు. పేరుమోసిన న్యాయవాది, సింహళ శాసనసభ సభ్యుడు, పాళీ గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడు. తల్లి ఎలిజబెత్ బీబీ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు మహిళ. పిల్లవాడికి రెండేళ్ళయినా నిండకముందే ఆమె బిడ్డతో ఇంగ్లండు వెళ్ళింది. వెనకాలే బయలుదేరవలసిన ముత్తు గారు 1879 మే 4న, సరిగ్గా ఓడ ఎక్కవలసిన రోజునే, కన్నుమూశారు. దాంతో తల్లీ కొడుకూ అక్కడే ఉండిపోయారు. తండ్రి దేశం ఆ పిల్లవాడికి ఒక పేరుగానే మిగిలింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయన చదివింది కళలు కాదు, భూగర్భశాస్త్రమూ వృక్షశాస్త్రమూ. 1902లో ఎథెల్ పార్ట్రిడ్జ్‌ను పెళ్ళాడి, భార్యతో సింహళం చేరారు. 1903 నుంచి 1906 వరకు ప్రభుత్వ ఖనిజ సర్వేకు డైరెక్టరుగా పనిచేశారు. థోరియనైట్ అనే రేడియోధార్మిక ఖనిజం 1904లో లోకానికి తెలియడంలో ఆయన పాత్ర పెద్దది. ఆ దారినే సాగి ఉంటే మంచి శాస్త్రజ్ఞుడుగా మిగిలేవారు.

కాని రాళ్ళ కోసం ఊళ్ళు తిరిగిన మనిషికి మనుషులు కనిపించారు. కాండీ రాజ్యం 1815లో ఇంగ్లీషువారి వశమైంది. రాజుల కాలంలో కంసాలికీ, కమ్మరికీ, చిత్రకారుడికీ చేసే పనికి బదులుగా మాన్యాలుండేవి. రాజు పోయాక ఆదరణ పోయింది. దిగుమతి సరుకు వచ్చింది. అయినా కొన్ని ఇళ్ళలో పనితనం ఇంకా బతికే ఉంది. కుమారస్వామి వారి దగ్గర కూర్చుని పని చూశారు. పనిముట్ల పేర్లు, కొలతలు, రంగుల తయారీ రాసుకున్నారు. బుద్ధ విగ్రహానికి అన్నిటికన్నా చివర, అద్దంలో చూస్తూ కళ్ళు దిద్దే ఆచారాన్ని నమోదు చేశారు. ఎథెల్ ఫోటోలు తీసింది. ఆవిడే తర్వాత ఎథెల్ మైరే అన్న పేరుతో ఇంగ్లండులో గొప్ప చేనేత కళాకారిణి అయింది.

ఇదే కాలంలో, 1905లో, దొరల వేషాన్ని గుడ్డిగా అనుకరించడాన్ని నిరసిస్తూ కాండీలో ఒక చిన్న పుస్తకం వేశారు. సంఘ సంస్కరణ సభకు అధ్యక్షులయ్యారు. ఆ సభ పత్రిక 1906లో మొదలైంది. ఇంగ్లండులో పెరిగి, ఇంగ్లీషు సర్కారు జీతం తీసుకుంటూ, ఇంగ్లీషులోనే రాస్తూ, మీరు దొరల్ని అనుకరించకండని చెప్పడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే ఆయన ఉపన్యాసంతో ఆగలేదు. తెలీనిది తెలీదని ఒప్పుకుని, చదువురాని పనివాడి ముందు శిష్యుడిలా కూర్చున్నారు. అక్కడే పుట్టి పెరిగిన పెద్దమనుషులు చెయ్యని పని అది.

1907లో ఆయన సింహళం వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయారు. మధ్యయుగ సింహళ కళ మీద ఆయన రాసిన గ్రంథం 1908లో వెలువడింది. విలియం మారిస్ వాడిన ముద్రణ యంత్రం మీదే అచ్చయిన ఆ పుస్తకం వేసింది 425 ప్రతులు మాత్రమే. ఎథెల్‌తో కాపురం నిలవలేదు. భారతదేశమంతా తిరిగి సేకరించిన చిత్రాలను జాతీయ మ్యూజియం కడితే ఇస్తానన్నా ఎవరూ ముందుకు రాలేదు. 1917లో అమెరికాలోని బోస్టన్ మ్యూజియంలో చేరి, జీవితంలో చివరి ముప్ఫై ఏళ్ళూ అక్కడే గడిపారు. డెబ్బై నిండాక భారతదేశం వచ్చి విశ్రాంతిగా ఉందామనుకున్నారు. కాని పుట్టినరోజు జరిగిన మూడు వారాలకే, 1947 సెప్టెంబరు 9న, అక్కడే కన్నుమూశారు. తండ్రీ కొడుకులిద్దరికీ ఆఖరి ప్రయాణం అలా ఆగిపోయింది.

మనకు గర్వకారణమైన సంగతి ఒకటుంది. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఆయన ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు తోడుగా నిలిచింది మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారే. ఆ పుస్తకం 1917లో అమెరికాలో వెలువడింది. నాలుగేళ్ళ తర్వాత చీరాల - పేరాల ఉద్యమాన్ని నడిపింది కూడా ఆయనే. మా తాతయ్య ఊరి పేరు ఈ కథలో అలా ఎదురైనప్పుడు, తెలిసినవాళ్ళెవరో భుజం తట్టినట్టయింది.

మిత్రులారా! తండ్రి దేశం ఆస్తిలాగా వారసత్వంగా రాదని ఈ జీవితం నాకు చెప్పింది. అడిగి, కూర్చుని, చూసి నేర్చుకుంటే వస్తుంది. అక్కడే ఉండిపోవాలన్న నియమమూ లేదు. ఈ ఏడు చదువు పూర్తయితే నాన్నగారు రమ్మంటున్నారు. వెళతానో ఉంటానో ఇంకా తేల్చుకోలేదు. సెలవులకు మాత్రం తాతయ్య దగ్గరికే వెళుతున్నాను. ఈసారి ఒక నోటుబుక్కు పట్టుకెళతాను. పడుగు, పేక, ఆసు, అచ్చు, కండె... ఇప్పటికి ఇన్నే తెలుసు. మిగతావి తాతయ్యను అడగాలి.