ఊరు మారని కోచ్ రహీం సాబ్

స్వర్ణోత్సవ సంచికకు ఒక ఉపాధ్యాయుడి గురించి రాసిమ్మని కమిటీ మిత్రులు అడిగారు. మన బడి సార్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, రాయాలి కూడా. నేను మాత్రం మన బడి గడప తొక్కని ఒక సారు గురించి రాస్తున్నాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ వాళ్లకు రహీం సాబ్. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. భారత ఫుట్‌బాల్ జట్టుకు రెండు ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్ కూడా ఆయనే.

ఇప్పుడే ఎందుకంటే, మన బ్యాచుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య కోచ్‌ల ముచ్చట ఎక్కువైంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి టెక్సాస్ వెళ్లి స్థిరపడ్డ వాళ్లు, వాళ్ల పిల్లలు చదివే యూనివర్సిటీల ఫుట్‌బాల్ కోచ్‌ల గురించి రాస్తుంటారు. ఎవరి కాంట్రాక్టు పొడిగించారు, ఎవరు ఏ కాలేజీకి మారబోతున్నారు, ఎవరిని తీసేస్తారు, ఇవే కబుర్లు. అక్కడి ఆట వేరు, బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. డబ్బు సంగతి మాత్రం వినాల్సిందే. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ జింబో ఫిషర్ అనే కోచ్‌కు 2021లో కాంట్రాక్టు పొడిగించింది. 2023 నవంబర్‌లో తీసేసింది. మిగిలిన ఏళ్లకు ఆయనకు కట్టాల్సిన మొత్తం సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు. పని మానేయమన్నందుకు ఇచ్చే డబ్బు అది!

మన దేశంలోనూ ఆ గాలి వీస్తోంది. జాతీయ జట్టు కోచ్ ఇగోర్ స్టిమాచ్ కాంట్రాక్టును 2023లో పొడిగించారు. 2024 జూన్‌లో తొలగించారు. పరిహారం మీద పెద్ద పంచాయితీ నడిచింది. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్‌ఎల్ టైటిల్ సాధించిపెట్టిన మనోలో మార్కెజ్, మరుసటి ఏడాదే గోవా జట్టుకు వెళ్లారు. తప్పేమీ లేదు. ఎవరి బతుకు వాళ్లు చూసుకోవాలి. అయితే ఈ కబుర్లు చదివినప్పుడల్లా నాకు రహీం సాబ్ గుర్తుకొస్తారు. ఆ తరం కోచ్‌కు పొడిగించడానికి ఇలాంటి కాంట్రాక్టే ఉండేది కాదు.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుంటూ యూనివర్సిటీ జట్టుకు ఆడారు. చదువయ్యాక టీచరయ్యారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. అంటే మన భాషలో డ్రిల్లు సారు. ఆ ఉద్యోగానికి బడుల్లో ఎంత మర్యాద ఉంటుందో మనందరికీ తెలుసు. పరీక్షలు దగ్గర పడితే ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడే.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. ఆ రోజుల్లో మన దగ్గర ఆటంటే బలమున్నవాడు బంతిని దూరంగా తన్నడం, నేర్పున్నవాడు ఒక్కడే నలుగురిని తప్పించుకుంటూ పోవడం. రహీం ఇది మార్చాలనుకున్నారు. దానికి ఆయన ఎంచుకున్న దారి అచ్చంగా పంతులుగారి దారి. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో పోటీలు పెట్టారు. బంతి వచ్చీ రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఎత్తుకు పరిమితి పెట్టి, పొట్టి పిల్లలకు విడిగా మరో పోటీ. ఎక్కాలు రాని పిల్లవాడి చేత ఎక్కాలే పదేపదే చెప్పించినట్టు, ఆటలో ఎక్కడ లోపముందో అక్కడే ఆడించడం అన్నమాట. వీటికి డబ్బు అక్కర్లేదు, విదేశీ నిపుణులు అక్కర్లేదు. ఈ సంచిక చదివే పీఈటీ సార్లు, మేడమ్‌లు రేపటి నుంచే మన బడి గ్రౌండులో మొదలుపెట్టొచ్చు.

ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశంలో తిరుగులేనిదైంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957లో ఆ జట్టుదే. ఆంధ్రా పోలీస్‌గా పేరు మారాక 1961లో మళ్లీ గెలిచింది. ఈ జట్టుకు పోలీసు శాఖలో అండగా నిలిచిన అధికారి శివకుమార్ లాల్. ఆటగాళ్లకు శాఖలో ఉద్యోగం ఉంటుంది, జీతం ఉంటుంది. సాయంత్రం మైదానంలో రహీం సాబ్ ఉంటారు. ఏర్పాటంతా ఇంతే.

ఇక్కడ మన ప్రాంతపు మాట ఒకటి చెప్పుకోవాలి. సిటీ పోలీస్ మొదటిసారి రోవర్స్ కప్ ఎత్తిన 1950లో, సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల పల్లెల్లో పోలీసు అన్న మాటకు అర్థం వేరు. సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. ఊళ్లలో క్యాంపులుండేవి. మన తాతల జ్ఞాపకాల్లో పోలీసంటే ఫుట్‌బాల్ కాదు. ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది, 130 కిలోమీటర్ల దూరంలో రెండు లోకాలు. రహీం సాబ్ కథ మన ఊళ్లలో ఎక్కువగా వినపడకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించింది. మేవాలాల్ గోల్ కొట్టారు, రహీం కోచ్. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాం. మన వాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్లతో ఆడారు. ఈ రోజుల్లోనైతే కోచ్ మర్నాటి పేపర్ వచ్చేలోగా ఇంటికి పోవాల్సిందే. ఆ ఓటమి తర్వాత సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం ఆటగాళ్లను నిలబెట్టే పద్ధతినే మార్చే పనిలో పడ్డారు. ముందు వరసలో ఒకరిని కొంచెం వెనక్కి లాగి మధ్యలో ఆడించడం, నలుగురు బ్యాక్‌లు, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు అనే అమరిక వైపు జరగడం. 1958 ప్రపంచ కప్‌తో బ్రెజిల్ ఈ అమరికకు లోకమంతా పేరు తెచ్చింది. అంతకు ముందే తమ సారు దాన్ని నేర్పారని ఆయన శిష్యులు చివరిదాకా గర్వంగా చెప్పుకున్నారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టయ్యాం. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టారు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే. మొదటి గోల్ మనదే అయినా 4-1తో ఓడిపోయాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, అహ్మద్ హుస్సేన్, బలరామ్ లాంటి హైదరాబాదీలు ఎంతమంది ఉన్నారో చూస్తే, ఆ రోజుల్లో ఈ నగరం ఏమిటో అర్థమవుతుంది. ఆ రెండేళ్లూ, 1956లో, 1957లో, సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కే వచ్చింది.

బలరామ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్ అమ్ముగూడ, బీద కుటుంబం. హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు చేయడానికి దారి ఖర్చులు లేవని చెబితే, అద్దె సైకిలుకు డబ్బు రహీం సాబే ఇచ్చారని బలరామ్ పెద్దయ్యాక చెప్పేవారు. ఇలా తయారైన కుర్రవాడు 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. ఆ తర్వాత జీవితమంతా బెంగాల్‌లోనే గడిపి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు.

బలరామ్ ఒక్కరే కాదు. కలకత్తాలో అప్పట్లో ఆటగాళ్ల మార్పిడి కాలం వచ్చిందంటే పెళ్లిళ్ల సీజన్‌లా ఉండేది. ఏ క్లబ్బు ఎవరిని ఎత్తుకుపోతుందోనని పేపర్ల నిండా ఊహాగానాలే. సంతకం అయ్యేదాకా ఆటగాణ్ణి ఏదో ఒక ఇంట్లో దాచిపెట్టేవాళ్లు. రైల్వేలోనో కస్టమ్స్‌లోనో ఉద్యోగం చూపించేవాళ్లు. హైదరాబాద్ కుర్రాళ్లకు ఆ పిలుపు కాదనలేనిది. రహీం సాబ్ తయారు చేస్తూనే ఉన్నారు, వాళ్లు రైలెక్కుతూనే ఉన్నారు. ఆయన మాత్రం కదల్లేదు. మన జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ఈ బాధ కొత్తకాదు. బాగా చదివే పిల్లవాణ్ణి పదో తరగతి అవగానే నగరంలోని కార్పొరేట్ కాలేజీ ఎత్తుకుపోతుంది, ర్యాంకు వాళ్ల బోర్డు మీద పడుతుంది.

జాతీయ జట్టు కోచ్ పని అప్పట్లో ఏడాది పొడవునా సాగే ఉద్యోగం కాదు. పోటీ ముందు ఆటగాళ్లను పోగుచేసి క్యాంపు పెట్టడం, అది అయిపోయాక ఎవరి దారిన వాళ్లు పోవడం. మళ్లీ పిలిస్తే పని, పిలవకపోతే లేదు. ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసిన కాంట్రాక్టు లెక్చరర్లు మన పూర్వ విద్యార్థుల్లోనే ఉన్నారు. ఆ అనిశ్చితి ఏమిటో వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. రహీం సాబ్‌ను త్యాగమూర్తి అని పొగిడేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు. అలా పొగిడేస్తే, ఆ మనిషికి ఏం ఇచ్చామన్న ప్రశ్న ఎవరూ అడగరు. ఆయనకు పద్మ పురస్కారం కూడా రాలేదు.

1960 రోమ్‌లో పతకం రాలేదు కానీ ఆట నిలబడింది. హంగరీతో 2-1తో ఓడాం, ఆ ఒక్క గోల్ బలరామ్‌ది. ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేశాం. పెరూ చేతిలో 3-1తో ఓడాం. ఆ జట్టులో రహీం కొడుకు హకీమ్ కూడా ఉన్నాడు. ఒక్క మ్యాచ్‌లో కూడా దిగలేదు. కోచ్ కొడుకు బెంచీ మీద కూర్చున్న ఆ సంగతి నాకు చాలా నచ్చుతుంది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. సిగరెట్లు విపరీతంగా కాల్చేవారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచాం. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి వెనక ఆడించడం కష్టమని, రహీం ఆయన్ను ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. బడిలో చేయి విరిగిన పిల్లవాణ్ణి ఇంటికి పంపకుండా స్కోరు రాయించే సారు గుర్తొస్తున్నాడా? ఇది అంతకంటే పెద్ద సాహసం.

ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడం మీద భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో జకార్తా జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా లక్ష మంది దాకా, అందరూ ఎదుటి పక్షమే. ముందు రోజు రాత్రి రహీం సాబ్ కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని, తనకు ఒక కానుక కావాలని, అది రేపటి బంగారు పతకమని అడిగారట. మ్యాచ్‌లో పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతో జర్నైల్ ఇంకో గోల్. తంగరాజ్ గోల్‌పోస్టు దగ్గర నిలిచారు. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే చివరి బంగారం. 2024లో వచ్చిన మైదాన్ సినిమాలో మీలో చాలామంది ఈ మ్యాచ్ చూసే ఉంటారు. సినిమా కాబట్టి కల్పనలూ ఉన్నాయి, స్కోరు మాత్రం నిజమే.

1963 జూన్ 11న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 53. ఆ ఏడాది రోవర్స్ కప్ ఆంధ్రా పోలీస్ గెలిచింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ తెచ్చింది. అంతా ఆయన దిద్దిన కుర్రాళ్ల ఆటే. ఆ తర్వాత ఆ ట్రోఫీ మళ్లీ ఇటువైపు రాలేదు. ఆయన తర్వాత ఎవరు అన్నది ముందే ఆలోచించి పెట్టినవాళ్లు లేరు. ఆయన పద్ధతులను పుస్తకంగా రాయించి జిల్లా బడులకు పంచినవాళ్లూ లేరు. నల్గొండ జిల్లా బడుల్లో ఫుట్‌బాల్ మెల్లగా వాలీబాల్‌కూ, కబడ్డీకీ, చివరికి క్రికెట్‌కూ చోటిచ్చేసింది.

శిష్యుల్లో కొందరు కోచ్‌లయ్యారు. జకార్తాలో గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ 1972లో ఈస్ట్ బెంగాల్ కోచ్‌గా చేరి, 1976లో ప్రత్యర్థి మోహన్ బగాన్‌కు మారితే కలకత్తా అంతా అదే కబురు. హైదరాబాద్ నుంచి వచ్చిన నయీముద్దీన్ కూడా అటూ ఇటూ రెండు క్లబ్బులకూ పనిచేసి 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. హకీమ్ వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా చేసి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది, 2021 ఆగస్టులో చనిపోయారు. ఐ-లీగ్‌లో ఉత్తమ కోచ్‌కు ఇచ్చే అవార్డుకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పెట్టారు.