ఆచార్య సూరి భగవంతం – ఆగిరిపల్లి నుంచి అణువు లోతుల దాకా

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దలలో ఒకరి జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చిన పేరు డాక్టర్ సూరి భగవంతం గారిది. మన చింతలపూడి నుంచి నూజివీడు మీదుగా వెళితే శోభనాచలం కొండ కింద ఆగిరిపల్లి వస్తుంది. ఆయన 1909 అక్టోబర్ 14న పుట్టింది ఆ ఊళ్ళోనే. నిన్నమొన్నటి దాకా అది కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కనుక ఇప్పుడు ఆయన్ని మనవాడు అని చెప్పుకోవడానికి రెవెన్యూ రికార్డు కూడా ఒప్పుకుంటుంది!

గుడివాడలో హైస్కూలు చదువు ముగించుకుని ఆయన హైదరాబాదు నిజాం కాలేజీలో చేరారు. ఆ కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. భౌతికశాస్త్రంలో మొదటి తరగతిలో డిగ్రీ పుచ్చుకుని, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకుండానే 1928లో కలకత్తా వెళ్ళి సర్ సి.వి. రామన్ గారి ప్రయోగశాలలో చేరారు. వెళ్ళిన సమయం ఎలాంటిదో చూడండి. ఆ సంవత్సరం ఫిబ్రవరి 28వ తేదీనే రామన్ ఎఫెక్టు బయటపడింది. ప్రపంచమంతా ఆ ప్రయోగశాల వంక చూస్తున్న రోజులవి.

రామన్ ఎఫెక్టు అనే మాట మనమంతా విన్నదే. అందులో విషయం ఏమిటని మనవలు అడిగితే మాత్రం చాలామందిమి తడబడతాం. నాకు తెలిసినంతలో చెబుతాను.

మన కొల్లేరునే తీసుకోండి. బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. చెంబులో పోసి మూతపెట్టిన నీటి లెక్క వేరు, కొల్లేటి నీటి లెక్క వేరు. కొల్లేరు మట్టం తెలియాలంటే చుట్టూ ఉన్న ఏరులతో దాని ఇచ్చిపుచ్చుకోవడాలు తెలియాలి. అణువు సంగతీ అంతే. సీసాలోని ద్రవంలో ఒక అణువు తన పాటికి తాను ఉండదు. పక్క అణువులు దాన్ని తోస్తూనే ఉంటాయి. చుట్టూ ఉన్న వేడిలోంచి కొంత శక్తి తీసుకుని కంపిస్తుంది, మళ్ళీ ఆ శక్తిని చుట్టూ ఉన్నవాటికి వదిలేస్తుంది. అయితే ఈ కొల్లేటికి ఒక నియమం ఉంది. నీరు ఎంతైనా రావచ్చు, ఎంతైనా పోవచ్చు కాని, అణువు శక్తిని ఇష్టం వచ్చినంత పుచ్చుకోదు. కుంచంతో కొలిచినట్టు విడివిడి మోతాదుల్లోనే పుచ్చుకుంటుంది, మోతాదుల్లోనే వదులుతుంది. ఆ మోతాదు పేరే క్వాంటం.

అలాంటి అణువు మీద ఒకే రంగు కాంతిని వేస్తే, చెదిరి వచ్చే కాంతిలో ఎక్కువ భాగం అదే రంగులో ఉంటుంది. అతి కొద్ది భాగం మాత్రం రంగు మార్చుకుని వస్తుంది. కాంతి అణువుకు ఒక మోతాదు శక్తిని ఇచ్చి వస్తే ఎరుపు వైపు జరుగుతుంది. అప్పటికే వేడివల్ల కంపిస్తున్న అణువు నుంచి ఒక మోతాదు తీసుకుని వస్తే నీలం వైపు జరుగుతుంది. ఈ రెండో గీత ఎప్పుడూ సన్నంగానే పడుతుంది. ఎందుకంటే కంపిస్తున్న అణువులు తక్కువ. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవంలో బాగా కనిపించే ఒక కంపనాన్ని తీసుకుంటే, మామూలు గది వేడిలో కదలకుండా ఉన్న ప్రతి 100 అణువులకు సుమారు 11 మాత్రమే ఒక మోతాదుతో కంపిస్తుంటాయి. ద్రవాన్ని వేడిచేస్తే ఆ సంఖ్య పెరుగుతుంది, నీలం వైపు గీత చిక్కనవుతుంది. రెండు గీతల నిష్పత్తి చూసి ద్రవం ఎంత వేడిగా ఉందో చెప్పవచ్చు. థర్మామీటరు ముంచనక్కరలేదు. నూరేళ్ళ నాటి ఆవిరి యంత్రాల ఉష్ణగతిక శాస్త్రం, అప్పుడే పుట్టిన క్వాంటం శాస్త్రం – రెండూ ఒకే ఫోటో ప్లేటు మీద పక్కపక్కనే కనిపించాయన్నమాట.

భగవంతం గారి పరిశోధన అంతా ఈ బాటలోనే మొదలైంది. ఆ పని ఓర్పుకు పరీక్ష. పాదరసపు దీపం వెలిగించి, గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి ప్లేటు మీద కాంతి పడనిచ్చి, చివరికి కంటికి ఆనీ ఆనని గీత కోసం వెతకాలి. 1931లో రామన్, భగవంతం కలిసి చెదిరిన కాంతి ధ్రువణాన్ని సూక్ష్మంగా కొలిచారు. కాంతి కణమైన ఫోటాన్‌కు తనదైన ఒక భ్రమణం ఉందని, దాన్ని గిరగిర తిరిగే అణువులతో మార్చుకుంటుందని ప్రయోగంతో చూపారు. అప్పటికి ఆయన వయస్సు 22.

1932లో ఆయన వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కాలం అది. విశ్వవిద్యాలయం పుట్టి ఆరేళ్ళే. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలైన పంట పండింది ఇక్కడే. గణితం తెలిసిన టి. వెంకటరాయుడు గారితో కలిసి, స్ఫటికాల సౌష్ఠవం చూసి వాటి కంపనాలలో ఏవి రామన్ గీతలుగా కనబడతాయో, ఏవి కనబడవో ముందే లెక్కగట్టే పద్ధతిని 1939లో ప్రకటించారు. కోటానుకోట్ల పరమాణువులున్న స్ఫటికాన్ని చిన్న పట్టికలోకి దించే విద్య అది. సమూహ సిద్ధాంతం మీద వారిద్దరూ రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. విదేశీ శాస్త్రజ్ఞులు కూడా ఆ పద్ధతిని భగవంతం, వెంకటరాయుడుల పేర్లతోనే చెప్పుకున్నారు. అలాగే జె. భీమసేనాచార్ గారితో కలిసి, చెవికి వినబడని ధ్వని తరంగాలను వజ్రంలోకి పంపి దాని స్థితిస్థాపకతను కొలిచారు. కొల్లూరు గనులున్న కృష్ణాతీరంలో పుట్టినవాడు వజ్రం గుణం కొలవడం నాకెందుకో ముచ్చటగా అనిపిస్తుంది.

ఆ తర్వాత పదవులు వచ్చాయి. లండన్‌లో మన హైకమిషన్‌లో సైన్సు వ్యవహారాల అధికారిగా కొంతకాలం, 1949లో ఉస్మానియాలో ఆచార్య పదవి, 1952 నుంచి 1957 వరకు అక్కడే వైస్ ఛాన్సలర్, 1957 నుంచి 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం ఆయన ఆ కుర్చీలో ఉండగానే వచ్చాయి. హైదరాబాదులో రక్షణ పరిశోధనశాలలు వేళ్ళూనుకున్నదీ ఆ సంవత్సరాల్లోనే.

ఉద్యోగం చేసిన మనకు ఇందులోని కష్టం వేరే చెప్పనక్కరలేదు. బాగా పాఠం చెప్పే మాస్టారిని హెడ్మాస్టరును చేస్తే బడికి మేలే, తరగతికే నష్టం. నలభయ్యో ఏట ఆయన ప్రయోగశాల నుంచి ఫైళ్ళ వైపు మళ్ళారు. దేశానికి అలాంటివాడు కావలసిన సమయం అది, కాదనను. కాని ఆయన వాల్తేరులోనే మరో పదేళ్ళు ఉండి ఉంటే మన విద్యార్థులకు ఏం దక్కేదో అన్న బాధ నాకు ఉంది. ఆయన మాత్రం ఆ పనుల మధ్యే స్ఫటికాల సౌష్ఠవం మీద మరో పుస్తకం రాసి 1966లో వెలువరించారు. చదువు ఆయన్ని పూర్తిగా వదలలేదన్నమాట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చుట్టూ ఉన్న వేడితో ఇచ్చిపుచ్చుకునే అణువు కాలక్రమంలో ఎలా మారుతుందో చెప్పే సాధారణ సమీకరణం భగవంతం గారి వాల్తేరు రోజుల్లో లేదు. అది 1976లో వచ్చింది. స్వీడన్‌కు చెందిన లిండ్‌బ్లాడ్ ఒక వైపు, గోరిని, కోస్సకోవ్‌స్కీ, మన కేరళ బిడ్డ ఇ.సి.జి. సుదర్శన్ ముగ్గురూ కలిసి మరో వైపు దాన్ని సాధించారు. తలుపులు తెరిచి ఉన్న క్వాంటం వ్యవస్థల శాస్త్రం అని దాన్ని చెప్పుకోవచ్చు. పేరు తర్వాత వచ్చినా, అలాంటి అణువు రాసిన చేవ్రాలును ప్లేటు మీద చదివిన తొలి తరంలో మన ఆగిరిపల్లి యువకుడు ఉన్నాడు.

ఇప్పుడు పేపర్లలో క్వాంటం కంప్యూటర్ల వార్తలు వస్తున్నాయి. అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ యంత్రాలకు ఉన్న పెద్ద బాధ కూడా ఈ చుట్టుపక్కల వేడే. అది కాస్త సోకితే చాలు, లెక్క చెదిరిపోతుంది. అందుకే చాలా యంత్రాలను సున్నాకు 273 డిగ్రీలు దిగువన, దాదాపు ఆ అట్టడుగు చలిలో ఉంచుతారు. వాటిని నేర్చుకోబోయే పిల్లలు రామన్ ఎఫెక్టు పాఠం దగ్గరే మొదలుపెట్టాలి.

భగవంతం గారు 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఈసారి మీరు శోభనాచలం తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు, వెంట ఉన్న పిల్లలకు ఆ కొండ కింది ఊరు ఎవరిదో కూడా చెప్పండి.