చీపురు పట్టి చదువుకొన్న మహనీయుడు - బుకర్ టి. వాషింగ్టన్

పుట్టిన తేదీ ఎవరూ వ్రాసి ఉంచని ఒక బానిస బిడ్డ పెరిగి పెద్దవాడై, గొప్ప విద్యాలయానికి అధిపతి అయినాడంటే కట్టుకథ వలె తోస్తుంది. కాని ఇది అమెరికాలో జరిగిన యథార్థం. నాటాలు చెరకు తోటలకు గిర్మిటు మీద వచ్చిన వారి మనుమలము, మునిమనుమలము అయిన మనకు ఈ జీవితం పరాయిదిగా తోచదు.

బుకర్ 1856 ప్రాంతంలో వర్జీనియా రాష్ట్రంలోని ఒక పొగాకు తోటలో జన్మించాడు. తల్లి జేన్ ఆ తోటలో వంటమనిషి. మట్టినేల గుడిసెలో చింకిపాతల మీద పడక. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసలకు విముక్తి లభించింది. కుటుంబం వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్ గ్రామానికి చేరింది. అక్కడ బుకర్ ఉప్పు బట్టీలలోను, తరువాత బొగ్గు గనిలోను పనిచేశాడు. తెల్లవారుజామున పని, ఆ తరువాత బడి, బడి వదలగానే మళ్ళీ పని. తోటి పిల్లలందరికీ ఇంటిపేరు ఉంది, తనకు లేదు. పంతులు అడిగేసరికి వాషింగ్టన్ అని తానే చెప్పుకొన్నాడు. ఆ పేరే నిలిచింది.

హాంప్టన్ అనే ఊరిలో నల్లవారికి ఒక విద్యాలయం ఉన్నదని గనిలో ఎవరో అనుకోగా విన్నాడు. 1872లో, పదహారేళ్ళ వయసులో, దాదాపు 500 మైళ్ళ ప్రయాణానికి బయలుదేరాడు. దారిలో డబ్బు అయిపోయింది. రిచ్‌మండ్ నగరంలో చెక్కబాట క్రింద పడుకొని, పగలు ఓడ సరుకు దించి కూలి సంపాదించాడు. మాసిన బట్టలతో వచ్చిన ఆ కుర్రవాణ్ణి చూచి ఉపాధ్యాయిని సందేహించి, ఒక గది ఊడ్వమన్నది. మూడుసార్లు ఊడ్చాడు, నాలుగుసార్లు తుడిచాడు. ఆమె చేతిరుమాలుతో రుద్ది చూసినా దుమ్ము కనబడలేదు. అదే అతని ప్రవేశ పరీక్ష! గదులు శుభ్రం చేసే పని కూడా ఇచ్చి చేర్చుకొన్నారు. మంచం మీద రెండు దుప్పట్లు ఎందుకో అతనికి తెలియలేదు. మొదటి రాత్రి రెండింటి క్రింద, రెండవ రాత్రి రెండింటి మీద పడుకొన్నాడట. 1875లో అక్కడి చదువు పూర్తిచేశాడు.

1881లో అలబామాలోని టస్కీగీలో ఉపాధ్యాయ విద్యాలయం స్థాపించే భారం ఆయన మీద పడింది. ప్రభుత్వం జీతాలకు ఏటా 2,000 డాలర్లు మంజూరు చేసింది; స్థలం లేదు, కట్టడం లేదు. జులై 4న ఒక చర్చి ప్రక్కనున్న పాత పాకలో 30 మంది విద్యార్థులతో పాఠాలు మొదలైనాయి. వాన వస్తే ఒక విద్యార్థి గురువుగారికి గొడుగు పట్టేవాడు. కట్టడాలకు ఇటుకలు తామే చేద్దామన్నారు. మూడు ఆములు చెడిపోయినాయి. చేతిలో డబ్బు లేక, తన గడియారం 15 డాలర్లకు తాకట్టు పెట్టారు. నాలుగవ ఆము నిలిచింది. మట్టిపని చేయడానికా మా పిల్లలను పంపింది, అని తల్లిదండ్రులు ఆక్షేపించినా ఆయన వెనుదీయలేదు.

1895లో అట్లాంటా ప్రదర్శనలో చేసిన ప్రసంగంతో ఆయన పేరు దేశమంతటా మ్రోగింది. ముందు వృత్తి, భూమి, పొదుపు సంపాదించుకొందాము, రాజకీయ హక్కుల కోసం ఇప్పుడే పట్టుబట్టవద్దు అన్నది దాని సారాంశం. 1896లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టమిచ్చింది. 1901లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ శ్వేతసౌధంలో భోజనానికి పిలిస్తే దక్షిణ రాష్ట్రాల తెల్లవారు మండిపడ్డారు. ఆ ఏడే అలబామా కొత్త రాజ్యాంగం నల్లవారిలో అత్యధికుల ఓటును ఊడబెరికింది. ఓటు లేనివాడి ఆస్తికి రక్షణ ఏది అని 1903లో హార్వర్డ్ పండితుడు డుబోయిస్ ఆయనను నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనది. అయితే ఓటు హక్కు వ్యాజ్యాలకు వాషింగ్టన్ రహస్యంగా ధనసహాయం చేశారని ఆయన మరణానంతరం బయటపడింది. 1915 నవంబరు 14న టస్కీగీలోనే కన్నుమూశారు. అప్పటికి అక్కడ వందకు పైగా కట్టడాలు, దాదాపు 1,500 మంది విద్యార్థులు ఉండేవారు.

ఆ వెలుగు మన నాటాలుకూ ప్రసరించింది. టస్కీగీని చూచి వచ్చిన జాన్ డూబే ఇనాండాలో ఒహ్లాంగే విద్యాలయం నెలకొల్పారు. గాంధీజీ 1903లో తమ ఇండియన్ ఒపీనియన్ పత్రికలో వాషింగ్టన్ జీవితాన్ని గురించి వ్రాశారు. మన పెద్దలు కూడా చందాలు పోగుచేసి బడులు కట్టుకొన్నారు. ఓటు మాత్రం వారికి అందలేదు. 1994లో నెల్సన్ మండేలా తమ మొదటి ఓటు వేసింది ఆ ఒహ్లాంగే విద్యాలయంలోనే. ఆ ఎన్నికలలోనే మనమూ అందరితో సమానంగా ఓటు వేశాము. చదువు ముందా, హక్కు ముందా అని ఆ మహనీయులిద్దరూ వాదించుకొన్నారు. ఆనాడు బడిగోడల మధ్య ఆ రెండూ కలిసినాయి. మన పిల్లలు ఈ సంగతి మరువరాదు.