అడగకుండ గీసిన డ్యాంకు అడ్డం నిలవడ్డ మక్లీయింగ్

పోయినేడు ఒక ప్రాజెక్టు మీద పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణకు పోయిన. షామియానా కింద కుర్సీలల్ల లీడర్లు కూసున్నరు. భూములు పోయేటోళ్లు తాడు అవతల నిలవడ్డరు. ఓ ముసలాయన మైకు అడిగితే టైం అయిపోయిందన్నరు. అంతల అన్నం పొట్లాలు వచ్చినయ్, అందరం అటు మళ్లినం. మనం చెప్పింది ఏం రాసుకున్నరో చదివి వినిపించమని ఒక్కరు గూడ అడగలే. ఇన్నేండ్ల సంది ఉద్యమాలల్ల తిరిగెటోన్ని, నేను గూడ అడగలే.

ఆ రాత్రి నాకు మక్లీయింగ్ దులాగ్ యాదికొచ్చిండు.

ఫిలిప్పీన్స్ దేశం ఉత్తరాన, కళింగ కొండలల్ల చికో నది ఒడ్డున బుగ్నాయ్ ఆయన ఊరు. కళింగ అంటే మన కళింగం కాదు, అక్కడి ఆదివాసుల పేరు. ఆయన బడికి పోలే. కొండ మీద మెట్లు మెట్లుగ కట్టిన మడులల్ల వరి పండించిండు, రోడ్డు మరమ్మతు కూలి చేసిండు. బుత్‌బుత్ తెగకు పెద్దమనిషి. తగాదా వస్తే జనం ఆయన మాట వినేది.

1970లల్ల మార్కోస్ సర్కారు చికో నది మీద కరెంటు కోసం 4 డ్యాంలు గీసింది. ప్రపంచ బ్యాంకు అండగ ఉన్నది. అప్పుడు దేశంల మార్షల్ లా. మునిగేటోళ్లను ఎవ్వరూ అడగలే. సర్వేటోళ్లు గుడారాలు ఏసినంకనే ఊర్లకు సంగతి తెలిసింది. అక్కడి ఆడోళ్లు పోయి ఆ గుడారాలు పీకేసిన్రు.

ఆ కొండలల్ల తెగలకు తెగలకు పాత పగలుండె. శాంతి కోసం చేసుకునే కట్టుబాటును బొదొంగ్ అంటరు. మక్లీయింగ్ లాంటి పెద్దలు ఆ కట్టుబాటునే పట్టుకొని, కొట్టుకునే తెగలను ఒక్క తాటి మీదికి తెచ్చిన్రు. 1975ల బొంతోక్, కళింగ పెద్దలు కూడి, మనోళ్లెవ్వరూ డ్యాం పనికి పోవద్దని ఒప్పందం చేసుకున్నరు.

సర్కారు దిక్కు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక కవరు చేతిల పెడితే, మక్లీయింగ్ విప్పకుండనే వాపస్ ఇచ్చిండని చెప్పుకుంటరు. లోపల ఉత్తరముంటే తనకు చదువ రాదు, పైసలుంటే తన దగ్గర అమ్మేటిదేం లేదని ఆయన లెక్క.

1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఇంటిమీదికొచ్చి కాల్చి చంపిన్రు.

మనిషి పోతే పోరాటం పోతదనుకున్నరు. ఇంకింత పెరిగింది. ప్రపంచ బ్యాంకు తప్పుకున్నది, ఆ 4 డ్యాంలు ఆగిపోయినయ్. 1982ల బ్యాంకు ఆదివాసుల విషయంల తనకు తానే ఒక విధానం రాసుకున్నది. 1997ల ఫిలిప్పీన్స్ చట్టం, ఆదివాసుల భూమిల ప్రాజెక్టు పెట్టాలంటే ముందుగాల వాళ్ల ఒప్పుకోలు ఉండాలన్నది. ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 24న ఆ కొండలల్ల ఆయనను యాది చేసుకుంటరు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, అడిగే పద్ధతి ఎవ్వరూ ఊకె ఇయ్యలే. మన దగ్గర గూడ కాయితం మీద కొంత ఉన్నది. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 దినాల ముందు నోటీసు ఇయ్యాలె. రిపోర్టు సారాంశం మన భాషల ఉండాలె. సభంత వీడియో తియ్యాలె. ఆఖరుకు ఏం రాసుకున్నరో అందరి ముంగట మన భాషల చదివి వినిపించాలె. షెడ్యూల్డ్ ప్రాంతాలల్ల భూమి తీసుకునే ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్తది. సంప్రదించుడంటే ఒప్పుకోలు కాదు, ఆ కొరత నాకెరుకే. ఉన్నదన్న పట్టుకోకపోతే లేనిదాని కోసం ఎట్ల కొట్లాడుతం?

మక్లీయింగ్‌కు చదువ రాదు. మనకొస్తది, చేతిల ఫోనున్నది. మళ్ల సభ పెడితే అన్నం పొట్లం కాడికి తర్వాత పోదాం. రాసుకున్నది చదివి వినిపించేదాక అక్కడనే కూసుందాం. ఈసారి నేను అడుగుత.