గిటారు వాయింపనేరని ఫెండరు

విద్యుద్గిటారు పేరెత్తగనే స్మృతికి వచ్చు లియో ఫెండరు ఏనాడును గిటారు వాయించుట నేర్వలేదు. ఆయన 1909లో కాలిఫోర్నియాయందు నారింజతోట గల కుటుంబమున జన్మించెను. బాల్యముననే ఎడమకన్ను పోయినది. ఆర్థికమాంద్యమున లెక్కలు వ్రాయు ఉద్యోగమును పోగా, 1938లో 600 డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతుల దుకాణము తెరచెను. వాల్వుల గుణము ఎరిగిన ఆ చేతులే పిమ్మట గిటారు నాదమును పెంచు యాంప్లిఫయర్లను కూర్చినవి.

ఆయనకు కీర్తి తెచ్చినవి గిటార్లు. ఆయన నేర్పు తెలియవలెనన్న మాత్రము 'చాంప్' అను చిన్న పెట్టెను చూడవలెను. అది విద్యార్థుల కొరకు చేసినది. స్పీకరును నడుపు వాల్వు ఒక్కటే. శక్తి సుమారు 5 వాట్లు. పెద్ద కచేరీలకు చాలదు గనుక దానిని ఆటవస్తువుగా ఎంచుట సులభము. కాని వాల్వును దాని శక్తికి మించి నడిపినపుడు ధ్వనితరంగముల శిఖరములు అణగి, నాదమునకు ఒక జీర, ఒక నిండుదనము కలుగును. పెద్ద యంత్రమున ఆ స్థితి వచ్చుసరికి చెవులు చిల్లులు పడును. చాంపునందు చిన్న గదిలోనే అది సాధ్యము. 1970లో 'లేలా' గీతసంపుటికి ఎరిక్ క్లాప్టన్ వాడినది ఈ బడిపిల్లల పెట్టెనే!

1965లో, ఆరోగ్యము చెడి, ఫెండరు తన సంస్థను సీబీయస్‌కు 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించెను. ఆరోగ్యము కుదుటపడిన పిదప మరల పనిలో దిగి, 1991లో కన్నుమూయువరకు క్రొత్త గిటార్లను రూపొందించుచునే యుండెను.