చేపలతొట్టిని మనకిచ్చిన కుట్టుపని అమ్మాయి

ముందుగదిలో చేపలతొట్టి ఉంటే ఆ ఇంటికే ఒక కళ. కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్ళొస్తూ తెచ్చుకున్న ఎండిన చెట్టువేరు అందులో పెడితే ఇంకా ముచ్చటగా ఉంటుంది. తీరా పెట్టాక అది బుడుంగున పైకి తేలుతుంది! నీళ్ళలో ఒక వస్తువును కదలకుండా నిలపడం ఎంత కష్టమో రెండు వందల ఏళ్ళ కిందటే తెలుసుకున్న స్త్రీ ఒకరున్నారు. ఆమే జీన్ విల్‌ప్రో పవర్.

జీన్ 1794లో ఫ్రాన్సులోని ఒక పల్లెలో పుట్టింది. బతుకుతెరువు కోసం పారిస్ చేరి కుట్టుపనిలో కుదిరింది. 1816లో రాకుమారి కరొలీన్ పెళ్ళిగౌను తయారీలో ఆమె చేతిపని చూసి అందరూ మెచ్చుకున్నారు. 1818లో జేమ్స్ పవర్ అనే వ్యాపారిని పెళ్ళాడి సిసిలీ దీవిలోని మెస్సీనాలో కాపురం పెట్టింది. కాలేజీ చదువు లేకపోయినా సముద్రజీవుల గురించి సొంతంగా నేర్చుకుంది.

ఆక్టోపస్ జాతికి చెందిన ఆర్గొనాట్ చుట్టూ తెల్లని పల్చటి గుల్ల ఉంటుంది. అది వేరే ప్రాణి నుంచి కాజేసిందేనని చాలామంది పండితులు అనుకునేవారు. అసలు సంగతి తేల్చాలంటే ప్రాణిని బతికుండగానే చూడాలి. అందుకే 1832లో జీన్ గాజుతొట్టి చేయించింది. లోతు తక్కువ నీళ్ళలో దించడానికి ఇంకోటి, సముద్రంలో లంగరు వేసి నిలిపే పెద్ద బోను మరోటి తయారుచేసింది. గుల్ల విరిగితే ఆర్గొనాట్ తానే అతుకు వేసుకోవడం కళ్ళారా చూసింది. గుడ్లు దాచుకోవడానికి ఆడ ఆర్గొనాటే ఆ గుల్ల కట్టుకుంటుందని నిరూపించింది. కతానియా విజ్ఞాన అకాడమీలో తొలి మహిళా సభ్యురాలైంది.

1843లో భార్యాభర్తలు సిసిలీ వదిలారు. ఆమె కాగితాలు, బొమ్మలు చాలావరకు ఓడ మునిగి సముద్రం పాలయ్యాయి. ఏళ్ళ కష్టం నీటిలో కలిసిపోయింది. ఆ తర్వాత ఆమె రాస్తూనే ఉన్నా మళ్ళీ పరిశోధన చేయలేదు. 1871లో పుట్టిన ఊళ్ళోనే కన్నుమూసింది. లోకం ఆమెను మెల్లగా మరిచిపోయింది. 1997లో శుక్రగ్రహంపై ఒక బిలానికి ఆమె పేరు పెట్టారు.

ఇక మన చెట్టువేరు సంగతి. ఎండిన చెక్కలో గాలి ఉంటుంది, అందుకే తేలుతుంది. బాగా ఉడకబెట్టి, కొన్ని వారాలు నీళ్ళలో నానబెట్టండి. రంగు దిగుతుంటే నీళ్ళు మారుస్తుండండి. కరీంనగర్ గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చి నైలాన్ దారంతో వేరును దానికి గట్టిగా కట్టి, రాయిని ఇసుకలో కప్పేయండి. ఇక కదలదు. దాని చాటున చేపలు దాగుడుమూతలు ఆడుతుంటే, తొలి గాజుతొట్టి ముందు ఓపిగ్గా కూర్చున్న జీన్‌ను ఒక్కసారి తలచుకోండి.